బావోబాబ్ పొడి, సాగిన టేపు

దర్జీ మాస్టారికి నడకంటే పరమ చిరాకు. రోజంతా కుట్టుమిషను తొక్కే కాలికి మళ్లీ వేరే నడకెందుకని ఆయన వాదన. డాక్టరమ్మ మాత్రం ఆయన రిపోర్టునీ పొట్టనీ మార్చి మార్చి చూసి, "నడుము తగ్గకపోతే షుగరొచ్చి కూర్చుంటుంది" అని తేల్చేసింది.

అంతే! ఇంట్లో కేకు బందు. తెల్లారగట్లే నడక మొదలు. మాస్టారు వారం తిరక్కుండానే ఉపాయం పట్టుకొచ్చారు.

"ఏమోయ్, ఆఫ్రికాలో బావోబాబ్ అని చెట్టుందిట. దాని పండులో గుజ్జు చెట్టుమీదే ఎండిపోతుందిట. యాంటీఆక్సిడెంట్లు, పీచు, సి విటమిను... ఒకటేమిటి! ఆ పొడి తాగితే నడకెందుకూ?"

భార్య సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. "సరే, అప్పటిదాకా నడవకండి. నెలాఖరుకి నడుము తగ్గితే నడక పూర్తిగా మానేయండి, కేకూ తినండి. తగ్గకపోతే నోరెత్తకుండా నేను చెప్పినట్టు వినాలి."

"మాటంటే మాటే!"

పొడి వచ్చింది. నీళ్లలో కలిపి తాగితే, ఆ పులుపుకి ఒక్క గుక్కకే మాస్టారి మొహం ముడతలు పడి, ఇస్త్రీ చేయాల్సిన చొక్కాలా తయారైంది. అయినా పంతంగా రోజూ తాగారు. ఆ పులుపు పోవడానికి పక్క బేకరీలో చాటుగా రోజూ ఓ కేకుముక్క తిన్నారు. ఆదివారం కొలిస్తే నడుము తగ్గకపోగా కాస్త పెరిగింది.

ఇక లాభం లేదని సొరుగులోంచి పాత గుడ్డ టేపు తీశారు. వాడి వాడి సాగిపోయిందని ఎప్పుడో పక్కన పడేసిన టేపది. దాన్ని తడిపి, తలుపు గడియకి కట్టి లాగి, ఇస్త్రీ కూడా చేశారు. ఆ దెబ్బకి టేపు మీద అంగుళాలు కూడా మాస్టారిలాగే ఒళ్లు చేశాయి. మరుసటి ఆదివారం దాన్నే భార్య చేతికిచ్చారు.

"అయ్యయ్యో, రెండంగుళాలు తగ్గిందండీ!"

"అంతా పండు చలవ" అన్నారు మాస్టారు వినయంగా.

ఆవిడ ఊరుకుందా? వీధంతా చాటింది. అదే వీధిలో ఉండే బస్సు కండక్టరు పరుగున వచ్చి ఆ పొడి తాగాడు. అలవాటు కొద్దీ మాస్టారు మెడలో ఉన్న ఆ సాగిన టేపుతోనే అతన్ని కొలిచారు. పుస్తకంలో రాసుకున్న పాత కొలత కంటే ఒక్క గ్లాసుకే రెండంగుళాలు తగ్గినట్టు తేలింది! కండక్టరు గంతులేసి, కొత్త ప్యాంటు కుట్టమన్నాడు. మాస్టారు గుట్టుగా పాత కొలతకే కత్తిరించారు. "హాయిగా ఉంది మాస్టారూ!" అంటూ అతను పెద్ద కేకు పట్టుకొచ్చాడు.

ఆ కేకుని భార్య అటునుంచి అటే పక్కింటికి పంపేసింది. "నెలాఖరు ఇంకా రాలేదుగా!"

నెలాఖరు రోజునే ఆవిడ తమ్ముడు కొత్త దుకాణం తెరుస్తున్నాడు. పొద్దున్నే ఆవిడ ఓ ప్యాంటు అందించింది. "మీ కొత్త నడుముకి నా చేత్తో కుట్టాను."

మాస్టారు ఓ అడుగు వెనక్కి వేశారు. "పాతది వేసుకుంటాలే."

"పాతవన్నీ సబ్బునీళ్లలో ఉన్నాయి. ఊపిరి బిగబట్టకండి, మీరు సన్నబడ్డారుగా!"

గదిలో మాస్టారు ఎగిరారు, దూకారు, మంచమ్మీద పడి దొర్లారు. బొత్తాం ఎగిరి అద్దానికి తగిలింది. చేసేది లేక బ్లేడుతో వెనక కుట్టు కొంచెం విప్పారు. చూస్తే లోపల సరిగ్గా రెండంగుళాలకి సరిపడా గుడ్డ బుద్ధిగా మడిచి ఉంది. సరిగ్గా టేపు మింగేసినంత! ఊరికే ఎవరూ అంత లెక్కగా గుడ్డ వదలరు.

తువ్వాలు చుట్టుకుని మెల్లిగా బయటికొచ్చారు. "నీకెప్పుడు తెలిసింది?"

"మీరు తడి టేపుని ఇస్త్రీ చేస్తుంటే కమురు వాసన వచ్చినప్పుడే."

"మరి అప్పుడే తిట్టొచ్చుగా?"

"ఆ టేపు లాగడానికి ఎంత చెమటోడ్చారో! ఈ నెలలో మీరు చేసిన కసరత్తు అదొక్కటే, ఎందుకు చెడగొట్టడమని ఊరుకున్నా." నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది. "డాక్టరమ్మ ఆ మాటన్న రోజు నుంచీ నాకు కంటిమీద కునుకు లేదండీ. మీకేమైనా అయితే నేను తట్టుకోలేను."

మాస్టారు పొడి డబ్బా అందుకున్నారు. "పొడి పారేయనా?"

"దాని తప్పేముంది? తాగండి, మంచిదే. మన బదులు అది నడవదు, అంతే." ఆవిడ ప్యాంటు తీసుకుని, విప్పిన కుట్టు సరిచేయడానికి మిషను ముందు కూర్చుంది. "రేపు తెల్లారగట్లే లేవాలి."

"ఎంత దూరమోయ్?" అన్నారు మాస్టారు బేలగా.

"మీ టేపుతో కొలుచుకోండి. దూరం కూడా తగ్గుతుంది!"