నలభై తొమ్మిది వేల అడుగులు

పొద్దున్న ఆరింటికి సీసాల పిల్ల వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది: కూర్చోవాలి, రాయాలి, లేవకూడదు. మూడేళ్ళుగా బాక్టీరియా సీసాలతోనే కాపురం చేస్తున్న ఈ పరిశోధక విద్యార్థినికి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. ఆమె థీసిస్‌లో నాలుగో చాప్టర్ మీద సాయంత్రం అయిదింటిలోగా గైడ్ గారి సంతకం పడాలి. అయిదు దాటితే ఆయన నెల రోజుల సెలవు మీద వెళ్ళిపోతారు, ఆమె చదువు ఇంకో ఆరు నెలలు వెనక్కి పోతుంది.

దానికి అడ్డం వచ్చింది ఆరోగ్య వారోత్సవం. రీసెర్చ్ పిల్లలు తిండీ నిద్రా మానేసి చిక్కిపోతున్నారని యూనివర్సిటీకి ఉన్నట్టుండి జాలి పుట్టి, విద్యార్థులకీ ప్రొఫెసర్లకీ తలా ఒక చేతిపట్టీ ఇచ్చింది. వేసిన ప్రతి అడుగునూ, గుండె చప్పుడునూ అది లెక్కపెట్టి హెల్త్ సెంటర్ నర్సు కంప్యూటర్‌కి పంపుతుంది. రోజూ మధ్యాహ్నం రెండింటికల్లా ఎనిమిది వేల అడుగులు వేయని వాళ్ళు, రెండు నుంచి అయిదు వరకు 'ప్రశాంతంగా బతకడం ఎలా' అనే తరగతిలో కూర్చుని తీరాలి.

"నడుస్తూ కూర్చుంటే రాసేదెప్పుడు? నడవకపోతే మూడు గంటలు ప్రశాంతంగా ఏడవాలి!" అని సీసాల పిల్ల తల పట్టుకుంది. ఆ తలలోనే ఒక ఆలోచన తళుక్కుమంది.

ల్యాబ్‌లో ఓ మూల షేకర్ ఉంది. బాక్టీరియాకి గాలి అందేలా సీసాలను నిమిషానికి నూట యాభై సార్లు ఊపే యంత్రం అది. అంటే గంటకి తొమ్మిది వేలు! ఆరున్నరకి ఆమె పట్టీ విప్పి, ముందు వరసలోని సీసా మెడకు చుట్టి, షేకర్ మూత దించింది. "నా బదులు నువ్వు నడువు నాన్నా," అని బాక్టీరియాను బతిమాలి, ఫోన్లో గంటకి అలారం పెట్టింది. పని చేసేటప్పుడు ఫోన్ దగ్గరుండకూడదని ఆరోగ్య వారోత్సవం కరపత్రం చెప్పింది కనక, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. విరిగిన కుర్చీలు పడేసే స్టోర్ రూమ్‌లో చేరి తలుపు మూసుకుంది. అలారం వేళకే మోగింది. బీరువాలోని పాత ఫైళ్ళు విన్నాయి.

ఇక ఆ రాత ఏం రాతండీ! మూడు నెలలుగా మొరాయించిన చాప్టర్ ఆ పూట ఉరకలు వేసింది. ఆమెకు ఆకలి లేదు, దాహం లేదు, పట్టీ సంగతి అసలే గుర్తులేదు.

పన్నెండింటికి హెల్త్ సెంటర్‌లో నర్సు కంప్యూటర్ ఎర్రగా వెలిగింది. నర్సు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, గైడ్ గారికి ఫోన్ చేసింది.

"సార్, మీ సీసాల పిల్ల పొద్దుట్నుంచి నలభై తొమ్మిది వేల అయిదు వందల అడుగులు వేసింది!"

"ఎవరూ, మా పిల్లా? మంచినీళ్ళకి కూడా కుర్చీలోంచి లేవదే!"

"అది సరే సార్, గుండె మాత్రం కొట్టుకోవట్లేదు."

"గుండె కొట్టుకోకుండా ఎలా నడుస్తుందండీ?"

"అదే నాకూ అంతుపట్టట్లేదు. ఇంకా నడుస్తూనే ఉంది. ఫోన్ ఎత్తట్లేదు. మీ బిల్డింగ్‌లోనే తిరుగుతున్నట్టు చూపిస్తోంది."

గైడ్ గారికి ముచ్చెమటలు పోశాయి. నిన్ననే ఆయన ఆ చాప్టర్ మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో 'ఇది చాప్టరేనా?' అని రాసి, రెండో పేజీ తిప్పకుండానే వెనక్కి ఇచ్చేశారు. "అయ్యో, పిల్ల మతి పోగొట్టింది నేనే!" అని గుండెలు బాదుకుని, వాళ్ళింటికి ఫోన్ చేశారు. అమ్మ ఎత్తింది.

"నడుస్తోందా? మా అమ్మాయా?" అని అరిచింది ఆవిడ. "వీధి చివర కొట్టుకి వెళ్ళిరమ్మంటేనే కాళ్ళు పీకుతున్నాయంటుంది మేష్టారూ! అది నడిచిందంటే ఏదో అయ్యిందన్నమాటే. ఇదిగో, వస్తున్నా!"

అరగంటలో ఆవిడ టాక్సీ దిగింది. అప్పటికే గైడ్ గారు కాళ్ళకి బలపం కట్టుకున్నట్టు అయిదంతస్తులూ తిరుగుతున్నారు. నర్సు బీపీ మిషన్ చంకన పెట్టుకుని వరండాలన్నీ గాలిస్తోంది. అమ్మ బిల్డింగ్ చుట్టూ కేకలు వేస్తూ ప్రదక్షిణలు మొదలుపెట్టింది.

ఒకటిన్నరకి సీసాల పిల్ల చివరి వాక్యం రాసి ఎగిరి గంతేసింది. ప్రింట్ తీసుకుని గైడ్ గారి గదికి పరిగెత్తింది. గది ఖాళీ.

"సారా? మీకోసమే పైకెళ్ళారు," అన్నాడు అటెండరు.

ఆమె ఈ మెట్ల మీద పైకి పరిగెత్తింది. ఆయన ఆ మెట్ల మీద కిందికి దిగారు. కిందికెళ్ళారని తెలిసి ఆమె దిగితే, పిల్ల పైన కనబడిందని విని ఆయన ఎక్కారు. ఇలా మూడుసార్లు జరిగింది. నాలుగోసారి పై కిటికీలో ఆమె కనబడగానే అమ్మ కిందినుంచి గొంతు చించుకుంది.

"ఆగవే! పరిగెత్తకే! నీ గుండె కొట్టుకోవట్లేదటే!"

సరిగ్గా రెండింటికి అందరూ మొదటి అంతస్తు మెట్ల దగ్గర ఢీకొన్నారు. గైడ్ గారు మెట్టు మీద కూలబడి, "బతికున్నావామ్మా?" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసేసరికి సీసాల పిల్లకి ఏడుపు తన్నుకొచ్చింది. ఉన్నదంతా కక్కేసింది.

నర్సు నేరుగా ల్యాబ్‌కి నడిచి షేకర్ మూత ఎత్తింది. ముందు వరసలో సీసాల పిల్ల పట్టీ ఊగుతోంది. వెనక వరసలో, పెద్ద సీసా చాటున, ఇంకో పట్టీ ఊగుతోంది. నర్సు దాన్ని విప్పి నంబరు చూసింది. గైడ్ గారు ఎప్పుడూ చూడనట్టు గోడగడియారాన్ని శ్రద్ధగా చూడసాగారు.

"నాకు మోకాళ్ళ నొప్పులండీ," అన్నారు చివరికి.

"మూడు రోజులుగా మీ గుండె కూడా కొట్టుకోవట్లేదు సార్," అంది నర్సు. "ప్రొఫెసర్లకి అది మామూలేనేమో అని ఊరుకున్నా. పదండి, ఇద్దరూ తరగతికి పదండి."

"సంతకం!" అని సీసాల పిల్ల గగ్గోలు పెట్టింది. నర్సు వినకుండా ఇద్దరి చేతులకీ పట్టీలు కట్టేసింది. తోడుగా అమ్మ కూడా వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది.

"కళ్ళు మూసుకోండి, మెల్లగా ఊపిరి పీల్చండి," అన్నారు తరగతి చెప్పేవారు. సీసాల పిల్ల రెండోసారి ఊపిరి పీల్చేలోపే అమ్మ భుజం మీద ఒరిగి గుర్రు పెట్టింది. ఎన్ని వారాల నిద్ర బాకీయో! అమ్మ కదలకుండా కూర్చుంది. గైడ్ గారికి కళ్ళు మూసుకుంటే ఏమీ తోచలేదు. బెంచీ మీదున్న చాప్టర్ మెల్లగా లాక్కుని మొదలుపెట్టారు. ఈసారి రెండో పేజీ తిప్పారు, ఇరవయ్యో పేజీకి ముందుకు వంగారు, యాభయ్యో పేజీకి జేబులో పెన్ను వెతుక్కున్నారు.

అయిదుకి రెండు నిమిషాలుందనగా ఆమె ఉలిక్కిపడి లేచి, "టైమెంత?" అని అరిచింది. గైడ్ గారు కాగితాలు చేతికిచ్చారు. నిన్నటి ఎర్ర ప్రశ్నకి ఆయన నల్ల సిరాతో తనే జవాబు రాసి, కింద సంతకం పెట్టారు: 'ఇది చాప్టరే.'

ఆ సాయంత్రం నర్సు రిజిస్టర్లో రాసుకుంది: ఆగిన గుండెలు రెండు, తరగతిలో రెండూ కొట్టుకున్నాయి.