పదిహేను రోజుల్లో జీవితకాలపు రగ్బీ అభిమాని

జీవితకాలపు అభిమానానికి జీవితకాలం ఎందుకండీ, దండగ! పదిహేను రోజులు చాలు. ఈ సంగతి అమీర్‌పేట ఎప్పుడో కనిపెట్టింది. ప్రపంచమే ఇంకా గుర్తించలేదు.

రెండువేల మూడులో పంజాగుట్టలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి న్యూజిలాండ్ ప్రాజెక్టు వచ్చింది. క్లయింటు దొర ఇంటర్వ్యూలో ఎవరినో "రగ్బీ చూస్తావా?" అని అడిగాడట. చూస్తానన్నవాడికి ఉద్యోగం వచ్చిందట. అంతే! మూడో రోజుకల్లా మైత్రీవనం వెనక సందులో కామరాజు మాస్టారు తన ఒరాకిల్ కోచింగ్ బోర్డు కింద ఇంకో బోర్డు కట్టించారు: 'జీవితకాలపు రగ్బీ అభిమానం. పదిహేను రోజులు. నోట్సు ఉచితం.'

తణుకు ఫణీంద్ర మొదటి బ్యాచ్‌లోనే చేరాడు. చేరక ఏం చేస్తాడు? అప్పటికి ఇరవై రెండు ఇంటర్వ్యూలు తప్పాడు. నెలాఖరుకి ఉద్యోగం రాకపోతే వచ్చి బాబాయి ఎరువుల కొట్లో కూర్చోమని వాళ్ల నాన్న సూర్యనారాయణ గారు ఫోన్లో తేల్చి చెప్పేశారు.

నోట్సు అమోఘం! నిజమైన అభిమాని ప్రతి మ్యాచ్‌కీ ఒకే చొక్కా వేసుకోవాలి, ఉతక్కూడదు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండేవాడికి ఇది సిలబస్సా, దినచర్యా? జట్టు ఆధిక్యంలో ఉండగా కూర్చున్న తీరు మార్చకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి అభిమానికీ ఒక బాల్యమిత్రుడు ఉండితీరాలి. బాల్యమిత్రుల్ని మాస్టారే రోల్ నంబర్ల ప్రకారం కేటాయించారు. పద్నాలుగో నంబరు ఫణీంద్రకి పదిహేనో నంబరు సిరిసిల్ల నరేందర్ పడ్డాడు.

బాల్యం కూడా నోట్సులోనే ఉంది. మేనమామ ఇల్లు, జోరువాన, గొడుగేసుకుని డాబా ఎక్కి యాంటెన్నా తిప్పడం. ఇద్దరూ బట్టీ పట్టారు.

"గొడుగు పట్టుకుంది నేనే కదా?"

"గొడుగు నాది భాయ్! నువ్వు యాంటెన్నా తిప్పినవ్. చిన్నప్పటిది సుత యాది లేదా నీకు?"

మాస్టారు ఇచ్చిన క్యాసెట్ ఒక్కటే, పాత ఫైనల్. అందులో నల్ల చొక్కాల న్యూజిలాండ్ జట్టు ఆఖర్న ఓడిపోతుంది. హాస్టల్ రూములో చాప మీద కూర్చుని పదకొండుసార్లు చూశారు. పదకొండుసార్లూ ఓడిపోయింది. పన్నెండోసారి నరేందర్ ఎడమకాలు మడిచి బిగుసుకుపోయాడు.

"ఏంటి, కాలు తియ్యవా? తిమ్మిరెక్కుతుంది."

"జర ఆగు భాయ్. మనోళ్లు లీడ్‌ల ఉన్నరు."

"అది క్యాసెట్టు బాబూ! మ్యాచ్ అయిపోయి ఎనిమిదేళ్లయింది."

"అయితేంది? నేను కాలు తీసినంక ఓడిపోయిన్రనుకో, నీకు మంచిగుంటదా?"

ఫణీంద్ర టీవీ వైపు తిరిగాడు. తనూ కదల్లేదు. జట్టు ఓడిపోయింది. ఆ పూట ఇద్దరూ మెస్‌కి వెళ్లలేదు.

ఇంటర్వ్యూలో ఫణీంద్రది పన్నెండో నంబరు. "ఆ రోజు జోరుగా వాన సార్..." అని మొదలుపెట్టాడో లేదో, దొర చెయ్యెత్తాడు.

"మేనమామ ఇల్లు. పొద్దుటి నుంచి పదకొండు గొడుగులు చూశాను."

ఫణీంద్రకి తణుకు కళ్లముందు కనబడింది. ఎరువుల వాసన కూడా తగిలింది. ఇక పోయేదేముంది? నిజం చెప్పేశాడు. క్యాసెట్, చాప, నరేందర్ కాలు, అన్నీ!

దొర పెన్ను కింద పెట్టాడు. "మరి నువ్వెందుకు కదల్లేదు?"

"ఈసారి గెలుస్తారేమోనని సార్."

దొర నవ్వలేదు. అసలైన అభిమాని నవ్వడు. "ఇతన్ని తీసుకోండి" అన్నాడు.

హెచ్.ఆర్. వసుమతి మేడమ్ ఫైలు తిరగేసింది. "అప్లికేషన్లో రగ్బీ ఇరవై ఏళ్లని రాశారు. ఇప్పుడు పదిహేను రోజులంటున్నారు. మినిమం మూడేళ్లు ఉండాలండీ. పాలసీ."

మూడేళ్ల అనుభవం లేనివాడికి ఉద్యోగం ఇవ్వరు. ఉద్యోగం లేనివాడికి అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది? అమీర్‌పేట నుంచి వస్తుంది! అందుకే ఉద్యోగం కాగితాలన్నీ సవ్యంగా ఉన్న ఐదో గొడుగుకి వెళ్లింది.

"చెప్పిన్నా లేదా భాయ్, గొడుగు నాదని!" అన్నాడు నరేందర్. అని, తల దించుకున్నాడు.

ఫణీంద్ర బ్యాగు సర్దుకుని, చెప్పి వెళదామని మాస్టారు దగ్గరికి వెళ్లాడు. జరిగిందంతా విని ఆయన కోప్పడలేదు. తెల్లకాగితం దగ్గరికి లాక్కున్నారు.

"ఏ కాలు?"

"ఎడమ కాలండీ."

"మంచిది. వచ్చే బ్యాచ్‌కి నువ్వే క్లాసు చెప్పు. పదిహేను రోజులంటే ఇక్కడ సీనియర్‌వయ్యా!"

ఫణీంద్ర తణుకు వెళ్లలేదు. తర్వాతి బ్యాచ్‌లో నలభైమంది వరసగా ఎడమకాలు మడిచి తిమ్మిరి ప్రాక్టీసు చేశారు.

ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం నరేందర్ మెళ్లో కంపెనీ ట్యాగుతోనే రూముకి వస్తాడు. చాప పరుస్తారు. క్యాసెట్ పెడతారు. నల్ల చొక్కాలు లీడ్‌లోకి రాగానే ఇద్దరూ కదలరు. దీనికి సర్టిఫికెట్ ఇచ్చే ఇన్‌స్టిట్యూట్ అమీర్‌పేటలో ఇంకా తెరవలేదు. తెరిచేలోగా ఆ జట్టు ఒక్కసారైనా గెలిస్తే బాగుణ్ణు!