మడమ మీది మహాభాగ్యం

విహారయాత్రల్లో కాళ్ళకి బొబ్బలు రాకుండా ఏం జాగ్రత్తలు తీసుకోవాలో చెబుతూ పత్రికలవాళ్ళు పేజీలకు పేజీలు నింపుతున్నారు. వాళ్ళకి ఇల్లూ సంసారమూ ఉన్నట్టు లేవు. ఉంటే, ఆడమనిషి మడమ మీద లేచే బొబ్బ ఎంత పెద్ద వరమో తెలిసి ఉండేది!

నవ్వకండి. సీరియస్‌గానే మనవి చేస్తున్నాను.

ఏడాది పొడుగునా పనిచేసి అలిసిపోయాం కాబట్టి విశ్రాంతి కోసం ఊరు వెళతాం. వెళ్ళి ఏం చేస్తాం? తెల్లారకముందే లేచి పరుగెడతాం. కోట ఎక్కుతాం, కోట దిగుతాం. ఇంట్లో పళ్ళేలు తోమి తోమి విసుగెత్తిన మనిషి డబ్బులు పెట్టి టికెట్టు కొనుక్కుని, అద్దాల బీరువాలో ఉన్న ఎవరో రాజుగారి పళ్ళెం ముందు నిలబడి ఆహా అనాలి. పోనీ ఆ పళ్ళెమైనా శుభ్రంగా తోమారా అంటే, అదీ లేదు.

ఈ పరుగుని ఆపే శక్తి ఎవరికుంది? భార్యకి లేదు. కన్నతల్లికి లేదు. చివరికి వానకి కూడా లేదు, గొడుగులు కొనేస్తారు. ఒక్క బొబ్బకే ఉంది. చూస్తే చిక్కుడు గింజంత ఉంటుంది. కుటుంబం మొత్తాన్నీ నడిబజార్లో నిలబెట్టేస్తుంది!

మిగతా జబ్బులకి ఆ పరువు లేదు. తలనొప్పి అంటే, మాత్ర వేసుకుని వచ్చేయమంటారు. నడుంనొప్పి అంటే, నాకు మాత్రం లేదా అంటారు. అలసటగా ఉంది అని చూడండి, ఎవరూ మీవైపు తిరగను కూడా తిరగరు. బొబ్బ అలా కాదు. ఎర్రగా, నిగనిగలాడుతూ, సాక్ష్యంతో సహా హాజరవుతుంది. వేలు పెట్టి చూపించవచ్చు. ఫోటో తీసి బంధువులందరికీ పంపవచ్చు. కంటికి కనిపించే అలసట ఆడవాళ్ళకి ఇంకేది ఉంది చెప్పండి?

బొబ్బలు నిలబెట్టిన కాపురాలు నాకు తెలుసు. నాకు తెలిసిన ఒక బ్యాంకు మేనేజరు పెళ్ళయిన కొత్తలో తప్ప భార్య చెయ్యి పట్టుకుని ఎరగడు. భార్యకి రెండు మడమలూ ఒకేసారి బొబ్బలెక్కేసరికి జనం మధ్యలో చెయ్యి అందించక తప్పలేదు. ఇప్పటికీ ఆవిడ ఆ చెప్పుల జతని పారేయనివ్వదు.

ఇద్దరు తోడికోడళ్ళు మాటలు మానేసి ఏళ్ళయింది. ఒకే టూర్ బస్సు, ఒకే రకం కొత్త చెప్పులు, ఒకే చోట బొబ్బలు. మెట్ల మీద పక్కపక్కనే కూలబడ్డారు. ముందు ఆ చెప్పులు అమ్మినవాణ్ణి తిట్టుకున్నారు, తర్వాత తయారుచేసినవాణ్ణి, సాయంత్రానికి అత్తగారి దగ్గరికి వచ్చారు. బస్సు కదిలేసరికి ప్రాణస్నేహితులు! దేశాల మధ్య చర్చలకి వచ్చే పెద్దలందరికీ ఒక్కో సైజు తక్కువ బూట్లిచ్చి గుట్ట ఎక్కించాలని నా సూచన.

ఇంకా నమ్మకం కుదరకపోతే మా వీధి చివర సర్వేయరు ఇంట్లో జరిగింది వినండి.

సర్వేయరుకి నడక ఉద్యోగమే కాదు, వ్యసనం కూడా. పనిరోజుల్లో ఊళ్ళవాళ్ళ పొలాలు కొలుస్తాడు. సెలవుల్లో ఊళ్ళనే కొలుస్తాడు. ఫోనులో మ్యాపు తెరిచి, అందరికన్నా ముందు నడుస్తూ, చూడాల్సినవన్నీ చూపించేదాకా పెళ్ళాం పిల్లల్ని వదలడు. ఇంట్లోవాళ్ళు ఆయన్ని కెప్టెన్ అంటారు. అది పొగడ్త అని ఆయన నమ్మకం.

ఆయన భార్య చెప్పుల షాపులో సేల్స్ పని చేస్తుంది. నిచ్చెన ఎక్కి పెట్టెలు దించడం, ఒకరి పాదాల ముందు మోకాళ్ళ మీద వంగడం, ఇది బిగువు అది వదులు అనిపించుకుని మళ్ళీ నిచ్చెన ఎక్కడం. ఆ షాపు నిండా మెత్తటి సీట్లే, కొనేవాళ్ళకి. అమ్మేవాళ్ళు కూర్చుంటే షాపుకి కళ తప్పుతుందని ఓనరు అభిప్రాయం. బేరాలు లేని మధ్యాహ్నం కూడా వాళ్ళు నిలబడే ఖాళీగా ఉండాలి.

అందుకని ఈసారి సముద్రం ఉన్న ఊరు వెళదామనుకున్నప్పుడు ఆమె ఒకే ఒక్కటి అడిగింది. ఒక సాయంత్రం సముద్రం ఎదురుగా బెంచీ మీద కూర్చోవాలని. అక్కణ్ణుంచి ఏం కనిపిస్తుంది అని కెప్టెన్ అడిగాడు. ఏమీ లేదు, ఊరికే అంది. ఊరికే అనే చోటు ఆయన మ్యాపులో ఎంత వెతికినా దొరకలేదు. టైము మిగిలితే చూద్దాంలే అన్నాడు. కెప్టెన్‌తో వెళ్ళిన ఏ ఊళ్ళోనూ ఇంతవరకూ టైము మిగల్లేదు.

ప్రయాణానికి ముందు అందరికీ కొత్త బూట్లు కొన్నారు. కొనిపించింది ఆమే, అదీ సాయంత్రం పూట. పొద్దంతా తిరిగిన పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి అప్పుడు పట్టిందే అసలైన సైజు అట. ఇక ఆ బూట్లని ఇంట్లోనే కొన్నాళ్ళు తొడిగి మెత్తబరచాలి. కానీ తొడిగేదెవరు? కూతురు కాలేజీ పరీక్షల్లో మునిగి ఉంది. అత్తగారికేమో ఇంట్లో బూట్లతో తిరగడం నామోషీ. కెప్టెన్‌కి ఓపిక లేదు.

ఇంకేముంది! ముగ్గురు ఆడవాళ్ళదీ ఒకే సైజు. పొద్దున ఆమే కూతురి బూట్లు వేసుకుని వంట చేసింది. రాత్రి అత్తగారి బూట్లు వేసుకుని గిన్నెలు కడిగింది. కెప్టెన్ బూట్లు ఆమె కాలికి పడవలు. మేజోళ్ళ మీద మేజోళ్ళు తొడిగి, వాటిలోకి దిగి, మేడ మీద బట్టలు ఆరేసింది. ఆ ధనధన చప్పుడుకి కింద వాటాలోవాళ్ళు ఇంట్లోకి పోలీసులొచ్చారనుకున్నారట.

ఆమె సొంత బూట్లు మాత్రం పెట్టెలో కాగితం చుట్టుకుని పడుకున్నాయి. వాటి వంతు వచ్చేలోపు రైలు టైమైంది.

ఊళ్ళో దిగింది మొదలు ప్రతి పొద్దునా హోటల్ గదిలో పాదపూజే. వేళ్ళ సందుల్లో పౌడరు, మడమలకి టేపు, చెమట పీల్చే మేజోళ్ళు. మధ్యాహ్నం మార్చుకోవడానికి అందరికీ ఇంకో జత సంచిలో. ఆ సంచిలోనే మంచినీళ్ళు, గొడుగు, అత్తగారి మాత్రలు, టికెట్లు, గది తాళం. సంచి ఆమె భుజాన. టేపు ముగ్గురి మడమలకీ సరిపోయింది. నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి చుట్టలో అట్ట ఒక్కటే మిగిలింది. తర్వాత కొనుక్కోవచ్చులే అనుకుంది. ఆ తర్వాత అనేది కెప్టెన్ మ్యాపులోకి ఎప్పుడూ రాలేదు.

కోట చూశారు. కోట వెనక బావి చూశారు. బావి వెనక ఏమీ లేదని బోర్డు పెట్టి ఉన్నా, వెళ్ళి ఏమీ లేకపోవడం కూడా చూశారు. ఆ రోజంతా ఆమె సంచితో వెనకే నడిచింది. మర్నాడు పాత బజార్లో, ఎగుడుదిగుడు రాళ్ళు పరిచిన వీధిలో, గోడ పట్టుకుని ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు కెప్టెన్.

"బూటు కరిచిందండీ."

"చెప్పుల షాపులో పనిచేస్తూ నీకు బూటు కరవడమేంటి?"

వంట చేసిన మనిషికి ఆకలేస్తుందని తెలిసినంత ఆశ్చర్యపోయాడు పాపం.

కూతురు వంగి చూసి, అయ్యో అని, ఫోటో తీసింది. అత్తగారు కళ్ళద్దాలు సవరించుకుని, డాక్టరులా కాసేపు పరిశీలించి, దీన్ని ఇవాళ నడిపించకూడదురా అని కొడుక్కి తీర్పు చెప్పింది. బొబ్బ మహిమ చూశారా! పొద్దుట్నుంచీ ఆమె రెండుసార్లు కాస్త ఆగుదామంది. వినిపించుకున్న నాథుడు లేడు. చర్మం కింద ఇన్ని నీళ్ళు చేరేసరికి కుటుంబమంతా సమావేశమైంది.

సముద్రపు ఒడ్డు పక్క వీధిలోనే ఉంది. ఆమెని అక్కడ ఒక బెంచీ మీద కూర్చోబెట్టి మిగతావాళ్ళు మ్యూజియానికి వెళ్ళారు.

బూటు విప్పింది. రెండో కాలికి ఏమీ కాలేదు, అయినా అదీ విప్పింది. ఎదురుగా ఒకతను పడవకి రంగు వేస్తున్నాడు. వేసినచోటే మళ్ళీ వేస్తున్నాడు, తొందరేమీ లేనట్టు. నీళ్ళేవి అని ఎవరూ అడగలేదు. ఏడో నంబరు ఇమ్మని ఎవరూ పాదం చాపలేదు. గాలికి జుట్టు మొహం మీద పడితే తీసుకోవడానికి కూడా బద్ధకించింది. ఇంత బద్ధకం తనలో ఎక్కడ దాక్కుందో అని నవ్వొచ్చింది.

ఆ నవ్వు పూర్తవకముందే మ్యూజియం నుంచి మనుషులు తిరిగొచ్చేశారు. టికెట్లు సంచిలో ఉన్నాయి. నీళ్ళు సంచిలో ఉన్నాయి. అత్తగారి మాత్ర వేళ దాటిపోతోంది. సంచి బెంచీ మీద ఉంది. రాజుగారి పళ్ళెం చూడకుండానే వెనుదిరగాల్సి వచ్చిన కెప్టెన్, ఆ బొబ్బవైపు పగవాణ్ణి చూసినట్టు చూశాడు.

అయితే మనిషి చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రమే మందుల షాపుకి వెళ్ళాడు. ఆయింట్‌మెంటు, టేపు, మడమకి అతికించే మెత్తటి పట్టీలు, పెట్రోలియం జెల్లీ, పక్క షాపులో మెత్తటి శాండల్సు, ఏది కనిపిస్తే అది తెచ్చేశాడు. గదిలో ఆమెని మంచం మీద కూర్చోబెట్టి, తను నేల మీద మోకాళ్ళూని, పాదం చేతిలోకి తీసుకుని మందు రాశాడు. పగలగొట్టకూడదట, దానంతటదే పోవాలట అని షాపువాడి మాట అప్పజెప్పాడు. అది ఆమెకి ఎప్పుడో తెలుసు. అయినా తెలియనట్టే విన్నది. అన్నేళ్ళుగా ఊరందరి పాదాల ముందూ వంగిన మనిషి, తన పాదం ముందు ఒకరు వంగితే పైనుంచి ఎలా ఉంటుందో అప్పుడే చూసింది. కళ్ళు చెమర్చాయి కూడా.

కెప్టెన్ టేపు అంచు పళ్ళతో తెంపి, గట్టిగా అతికించి, లేచాడు.

"ఇంక నీకే ఇబ్బందీ ఉండదు," అన్నాడు. "రేపు పొద్దున్నే గుట్ట ఎక్కుదాం, మధ్యాహ్నం మ్యూజియం, ఎల్లుండి సాయంత్రం లైట్‌హౌసు."

పాఠకులారా, బొబ్బని నయం చేయడం వల్ల వచ్చే అనర్థం ఇక్కడే మొదలైంది!

మందు బాగా పనిచేసింది. గుట్ట ఎక్కింది, దిగింది. రాజుగారి పళ్ళెం ముందు నిలబడి ఆహా అంది. ఆఖరి సాయంత్రానికి మడమ మీద మచ్చ తప్ప ఇంకేమీ లేదు. శాండల్సు మెత్తగా ఉన్నాయి. నడవడానికి ఆమెకి ఏ అడ్డంకీ మిగల్లేదు. కూర్చోవడానికి ఏ కారణమూ మిగల్లేదు.

లైట్‌హౌసు మూసేస్తారని కెప్టెన్ ముందు అంగలేస్తున్నాడు. వెనక కూతురు, దాని వెనక అత్తగారు, అందరికన్నా వెనక సంచితో ఆమె. దారి సముద్రం వెంటే సాగుతోంది. పక్కన బెంచీలు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి, వెళుతున్నాయి. తెల్లారితే తిరుగు రైలు. ఒక బెంచీ దాటింది. ఇంకోటి దాటింది. ఆ తర్వాతి దాని మీద కూర్చుంది.

కాస్త దూరం వెళ్ళాక కెప్టెన్ వెనక్కి చూశాడు. పరుగున వచ్చాడు.

"మళ్ళీ బొబ్బా?"

"కాదు."

"నొప్పిగా ఉందా?"

"లేదండీ, బాగానే ఉంది."

"మరేమైంది?"

"ఏం కాలేదు. కూర్చున్నాను."

కెప్టెన్ జేబులో ఆయింట్‌మెంటు ఉంది. ఇంకో జేబులో కొత్త టేపు ఉంది. కానీ ఏం కాకుండా కూర్చున్నదానికి ఏ మందు రాయాలో ఆయనకి అంతుబట్టలేదు. టైమైపోతోందన్నాడు. ఇంత దూరం వచ్చి చూడకపోతే ఎలా అన్నాడు. పోనీ నెమ్మదిగా నడుద్దాం అన్నాడు, అది ఆయన జీవితంలో చేసిన అతి పెద్ద రాయితీ.

ఆమె కోపంగా లేదు. భుజం మీది సంచి తీసి ఆయన చేతికిచ్చింది.

"నీళ్ళు పక్క జేబులో ఉన్నాయి. అత్తయ్యగారి మాత్రలు పైనే పెట్టాను. మీరు చూసి రండి."

సంచి ఇంత బరువుంటుందని కెప్టెన్‌కి అప్పటిదాకా తెలీదు. భూములు కొలిచే మనిషి, దాన్ని ఏ భుజాన వేసుకోవాలో తేల్చుకోలేక నిలబడ్డాడు. కూతురు ఫోను తీసింది. ఫోటో తీయడానికి ఎక్కడా ఏమీ లేకపోయేసరికి మళ్ళీ లోపల పెట్టేసింది.

అత్తగారు లైట్‌హౌసు వైపు చూసింది. దాని మెట్లు తలుచుకుంది కాబోలు. కొడుకు వైపు చూసింది. తర్వాత కోడలి దగ్గరికి వచ్చింది.

"కాస్త జరగవే," అంది.

కాబట్టి కుటుంబ పెద్దలందరికీ చేతులెత్తి చెబుతున్నాను. మీ ఆడవాళ్ళ మడమల జోలికి పోకండి! కొత్త బూట్లు కొత్తగానే కరవనివ్వండి. టేపులూ పౌడర్లూ కొని కొంపకి నిప్పు పెట్టుకోకండి. బొబ్బ వచ్చి కూర్చున్న మనిషి బొబ్బ తగ్గగానే బుద్ధిగా లేస్తుంది, సంచి తగిలించుకుంటుంది. ఏమీ రాకుండా కూర్చున్న మనిషి ఎప్పుడు లేస్తుందో ఏ డాక్టరూ చెప్పలేడు. పైగా బొబ్బ ఒకరి కాలి నుంచి ఇంకొకరి కాలికి అంటుకునేది కాదు.

ఇది అంటుకుంటోంది. అత్తగారు అప్పటికే బూట్లు విప్పేసింది.