వేరు తీసిన వేరుశనగ

ఏ నేలలో ఏ పంట పండాలో తేల్చే హక్కును ఇంకా నేలకే వదిలేయడం మంచిది కాదని వ్యవసాయ శాఖ ఎట్టకేలకు గ్రహించింది. (నేలకు సంతకం రాదు.) అందుకని ప్రతి పొలం నుంచీ గుప్పెడు మట్టి తెప్పించి, పరీక్షించి, ఫలితాన్ని కంప్యూటర్లోకి ఎక్కించారు.

మా మేనత్త పొలం మట్టి తేవలసిన ఉద్యోగి, ఆ రోజు ఎండ మండిపోతోందని, ఆఫీసు వెనక గోడ కట్టడానికి పోసిన ఇసుక కుప్పలోంచి గుప్పెడు తీసుకున్నాడు. దాంతో తరతరాలుగా నల్లరేగడిగా బతికిన నాలుగెకరాలు ఒక్క పూటలో ఇసుక నేల అయిపోయాయి.

వానలు తెరిపివ్వగానే అత్త శనగల కోసం ప్రభుత్వ విత్తన కేంద్రానికి వెళ్లింది. గుమాస్తా కంప్యూటర్ వైపు చూశాడు.

"మీది ఇసుక నేలమ్మా. మీకు వేరుశనగే ఇస్తాం."

"నాది రేగడి నాయనా. అందులో వేరుశనగ పీకితే మొక్క చేతికొస్తుంది, కాయలు భూమిలోనే ఉండిపోతాయి. శనగైతే ఉన్న చెమ్మకే పండుతుంది."

"మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ కంప్యూటర్లో లేదు కదా!"

మర్నాడు అత్త కొంగులో మట్టిగడ్డ తెచ్చి బల్ల మీద పెట్టింది. గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అధికారి ధ్రువీకరణ లేని మట్టి చెల్లదన్నాడు.

"నాలుగు రోజులు పోతే పదును ఆరిపోతుంది బాబూ. ఏడాది పంట పోతుంది."

"తనిఖీకి దరఖాస్తు పెట్టుకోండి. ముప్పై రోజుల్లో వస్తారు."

అత్త వెళ్లి ఆఫీసు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. తనిఖీ ఆ మర్నాడే జరిగింది. (నిబంధనల్లో దీన్ని అత్యవసర విభాగం అంటారు.)

నేలల అధికారి జీపు గట్టు దిగీ దిగగానే పొలం మూలనున్న పల్లంలో ఇరుసు దాకా దిగబడింది. అత్తా, ఆవిడ కోడలూ ట్రాక్టరు పిలిపించి దాన్ని బయటికి లాగించారు. ఆయన ఎడమ కాలి బూటు మాత్రం బురదలోనే ఉండిపోయింది.

"ఇప్పుడైనా రేగడని రాయండి సార్" అంది కోడలు.

ఒంటి బూటుతో నిలబడే ఆయన నివేదిక రాశారు: 'వాహనం కూరుకుపోయింది. ఇసుక నేల అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.'

అత్త ఇక ఎవరినీ అడగలేదు. పక్క పొలాల వాళ్ల దగ్గర విత్తనాలు అప్పుగా తెచ్చి, ఆ సాయంత్రమే కోడలితో కలిసి విత్తేసింది. శనగకు కంప్యూటర్ సంగతి తెలియదు కాబట్టి విరగకాసింది.

కొనుగోలు కేంద్రంలో మళ్లీ అదే గుమాస్తా. (బదిలీ అయ్యాడు.)

"మీ పొలంలో శనగ పండదే! ఈ బస్తాలెక్కడివమ్మా?"

"పండకూడదని దానికెవరూ చెప్పలేదు నాయనా."

గుమాస్తా మంచివాడు. బుర్ర గోక్కుని చాలాసేపు ఆలోచించాడు.

"వేరుశనగలో శనగ ఉంది కదా. వేరు తీసేసి తెచ్చారని రాసేస్తాను."

"ఏదో ఒకటి రాసుకో. ముందు కాటా వెయ్యి."

ఆ రాత పైకి పోయింది. ఇసుక నేలలో వేరు లేకుండా పండే వేరుశనగను కనిపెట్టినందుకు నేలల అధికారికి పదోన్నతి వచ్చింది. మరుసటి ఏడాది ఆ విత్తనాన్ని, నిజంగానే ఇసుక నేలలున్న రైతులందరికీ తప్పనిసరి చేసి పంచారు. చెమ్మ నిలవని ఇసుకలో మొక్కలు జానెడు ఎదగకముందే మాడిపోయాయి.

పొలాలు సహకరించలేదని విచారణ సంఘం తేల్చింది. సంజాయిషీ మాత్రం రైతుల్ని అడిగారు.