కన్నమ్మాళ్ ముక్కు, తంగవేల్ పొగ

పెళ్ళాం ముక్కుగా ఉద్యోగం చేసే మొగుడు ఈ కోయంబత్తూరులో ఎవడైనా ఉన్నాడంటే, అది మన తంగవేలే. కిందటేడు వచ్చిన జ్వరం కన్నమ్మాళ్‌ను వదిలిపోతూ వాసన పట్టే శక్తిని కూడా వెంటబెట్టుకు పోయింది. అప్పటి నుంచి సాయంత్రం ఇంటికి రాగానే పొయ్యి పక్కన పీట వేసుకుని, "తాళింపు మాడతా ఉండాది, దించు" అని చెప్పడం అతని వంతు. విసుక్కుంటూనే చెప్పేవాడు. ఒక్క పూటా ఎగ్గొట్టలేదు. ఆమెకు వాసన తిరిగొస్తే మరుదమలై మురుగన్ గుడి మెట్లు మోకాళ్ళ మీద ఎక్కుతానని మొక్కుకున్నాడు కూడా, పాపం.

శుక్రవారం సాంబ్రాణి ధూపమే అతనికి గండం. బొగ్గులు రాజేయాలి, ఊదాలి, దగ్గాలి. ఆ శుక్రవారం అతని బద్ధకానికి బుర్ర పుట్టింది. 'ఆమెకు వాసన ఎట్లాగూ తెలీదు. కంటికి పొగ కనిపిస్తే చాలదా?'

అవినాశిలో బట్టలకు రంగులద్దే డైయింగ్ యూనిట్‌లో అతనిది ల్యాబు పని. రెండు చిన్న సీసాలు తెచ్చాడు. ఒకదాంట్లో అమోనియా, రెండోదాంట్లో యాసిడ్. రెండు గిన్నెల్లో తలా నాలుగు చుక్కలు పోసి పక్కపక్కన పెట్టాడు. నిప్పు లేదు, బొగ్గు లేదు, రెండు ఆవిర్లూ గాలిలో కలిసి తెల్లటి పొగ లేచింది. నిజానికి అది పొగ కాదు, ఉప్పు. కళాయి పూసేవాళ్ళు వాడే నవాసాగరమే, సన్నటి పొడిగా తేలుతోంది.

తేలింది ఊరుకుంటుందా? మురుగన్ పటం మీద, తోమిపెట్టిన ఇత్తడి చెంబు మీద, తంగవేల్ మీసం మీద తెల్లగా దిగింది. కంగారుపడి తువ్వాలుతో విసిరితే, కన్నమ్మాళ్ ఉన్న వంటింట్లోకి నడిచింది.

"మామా! ఇదేమి సాంబ్రాణి? కక్కూసు కడిగే యాసిడ్ వాసన కొడతా ఉండాది!"

తంగవేల్ చేతిలో తువ్వాలు జారిపోయింది. "ఏమే... నీకు వాసన వచ్చిందా?"

కన్నమ్మాళ్ నాలుక కరుచుకుంది. సంగతి అందరికంటే ముందు, మెట్లెక్కాల్సిన అతని మోకాళ్ళకు అర్థమైంది.

గిన్నెలు పెరట్లో పెట్టి, కిటికీలన్నీ తెరిచి వచ్చాడు. "ఎప్పుడొచ్చింది?"

"పంగుని నెలలోనే, ఎండలు మొదలైనప్పుడే."

"అయ్యయ్యో, ఇన్ని నెలలు చెప్పలేదేమి?"

"చెప్తే నువ్వు వంటింట్లోకి వస్తావా మామా? పెళ్ళైనప్పట్నించి ఫోను పట్టుకుని వాకిట్లోనే కదా ఉంటివి. నా ముక్కు పోయినాకే నా పక్కన కూర్చుంటివి."

అతనికి కోపం రావాలి. కన్నీళ్ళు వచ్చాయి. "అంతా ఆ అమోనియా..." అంటూ తుడుచుకున్నాడు.

"ఆమాం, అమోనియానే" అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ.

"సెరి, ఇంగ నా పని పోయినట్లేనా?"

"ముక్కు పని పోయింది. రేపట్నించి నా నాలుక పోతుంది మామా. కూరలో ఉప్పు చూసేదానికి దినమూ పొయ్యి కాడికి రా."