పసుపు బిళ్ళ గొర్రెలు

పొద్దున్నే వెళ్ళి నాలుగు గొర్రెల రక్తం తీసుకుని, మధ్యాహ్నానికల్లా పట్నం చేరిపోవాలి. డాక్టర్ కురలాయ్ వేసుకున్న పథకం అంతే. పశువుల ఒంటికి పట్టి రక్తం పీల్చే గోమార్లు మోసుకొచ్చే విషజ్వరం మనుషుల్ని పట్టకముందే దాని జాడ గొర్రెల రక్తంలో దొరుకుతుంది. అందుకే సిర్‌దర్యా నది ఒడ్డున ఆ ఊళ్ళో నాలుగిళ్ళలో నాలుగు గొర్రెల చెవులకు పసుపు బిళ్ళలు తగిలించి, రెండేళ్ళుగా నెలనెలా వచ్చిపోతోంది. ఒక్క గొర్రె అయినా మిగలకపోతే ఇన్నాళ్ళ పనీ నీళ్ళపాలే.

ఎప్పుడూ చెప్పాపెట్టకుండా వచ్చే మనిషి, ఈసారి మర్యాదకు పోయి ముందురోజే ఫోన్ చేసింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

మొదటి ఇంట్లో తులెగెన్ గుమ్మంలోనే ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. పళ్ళెంలో పొగలు కక్కుతూ గొర్రె తల, పక్కన శుభ్రంగా కడిగి పెట్టిన పసుపు బిళ్ళ.

"అన్నా, ఇది పరీక్షల గొర్రె కదా!"

"అందుకేగా కోసింది! నెలనెలా డాక్టరు చూసిన గొర్రె ఈ ఊళ్ళో ఇంకెక్కడుందమ్మా? మీరిచ్చిన చేతి తొడుగులు వేసుకునే కోశాం. కూర్చో, అతిథివి కదా, తల నువ్వే కోసి పంచాలి."

కాదంటే ఇంటివాళ్ళకు అవమానం. కురలాయ్ ఒక్క ముక్క నోట్లో వేసుకుని జీపు వైపు పరుగెత్తింది. మాంసం నచ్చలేదనుకుని తులెగెన్ చిన్నబుచ్చుకున్నాడు. వెంటనే రెండో ఇంటి అమన్‌తాయ్‌కి ఫోన్ కొట్టాడు.

"ఒరేయ్, డాక్టరమ్మ మా ఇంట్లో ఒక్క ముక్క తిని లేచిపోయింది. ఊరి పరువు ఇక నీ చేతుల్లోనే ఉంది!"

ఆమె వెళ్ళేసరికి అమన్‌తాయ్ తొడుగుల నిండా రక్తం.

"రెండు గంటలు ఓపిక పట్టు చెల్లెమ్మా, ఉడికిపోతుంది!"

"నీకు దణ్ణం పెడతాను, మూడో ఇంటికి ఫోన్ చేసి కోయొద్దని చెప్పు!"

అమన్‌తాయ్ బుద్ధిగా ఫోన్ తీశాడు. "అమ్మాయి మొహమాటపడి వద్దంటోంది. నువ్వేం పట్టించుకోకు, కానిచ్చెయ్."

మూడో ఇంట్లో బిళ్ళను గుమ్మం దగ్గరే చేతికిచ్చారు.

నాలుగో ఇల్లు ఉల్బోసిన్ అవ్వది. పొయ్యి మీద పెద్ద కళాయి కుతకుతలాడుతోంది. కురలాయ్ అక్కడే కూలబడి ఏడ్చేసింది.

"ఎందుకే పిచ్చిదానా, ఆ ఏడుపు?"

"నా గొర్రె, అవ్వా!"

"దానికేం? దొడ్లో నెమరేస్తోంది. నెలనెలా నువ్వు రక్తం తోడేస్తుంటే దాని ఒంట్లో ఏం మిగిలింది గనక? ఆ బక్కదాన్ని అతిథికి పెడితే నలుగురూ నవ్వరూ? నా మందలో బాగా బలిసినదాన్ని కోశాను."

కురలాయ్ అవ్వను వాటేసుకుంది. దొడ్లోకి పోయి రక్తం తీసుకుని వచ్చి, అవ్వ వద్దనేదాకా తింది.

సాయంత్రం నివేదికలో 'మరణాలను ఇంటింటికీ చేరవేసిన జీవి' అన్న గడి దగ్గర కాసేపు ఆగి, గోమారి అని రాయడానికి మనసొప్పక, తన పేరే రాసుకుంది.