ముప్పై ఒక్క కలాల సంతకం

ఒక్క కలంతో సంతకం పెడితే దాన్ని నేను చట్టమే అనను! పార్సిల్ తెచ్చినవాడి కాగితం మీద కూడా ఒక్క కలంతోనే పెడతాం కదా?

మా గవర్నరు థడియస్ వేక్‌ఫీల్డ్ గారు బడుల్లో సీసపు నీటి గొట్టాలు మార్చే చట్టం మీద ముప్పై ఒక్క కలాలతో సంతకం పెట్టారు. ఒక్కో కలంతో ఒక్కో గీత. గీసిన కలం గీసినట్టే పక్కనున్నవాళ్లకు బహుమానం. పొట్టి పేరువాడైతే సగం మంది ఉత్త చేతులతో ఇళ్లకు పోయేవారు. అందుకే ఓటేసే ముందు అభ్యర్థి గుణగణాలు చూడకండి, అక్షరాలు లెక్కపెట్టండి!

సంతకం కోడి కెలికినట్టుందని గిట్టనివాళ్లు అంటారు. అననీయండి. ఆ చట్టం వద్దని ఓటేసిన సెనేటరు డెల్బర్ట్ స్టిక్నీ కూడా వరుసలో నిలబడి రెండు కలాలు పుచ్చుకున్నాడు. పగవాడిచేత సైతం నవ్వుతూ చేయి చాపించే మహిమ ఇంకే వస్తువుకుంది?

మా ఊరి బడి వంటమనిషి వెర్నా ప్రూట్‌కు ఇంటిపేరులో ఇంగ్లీషు ‘ఐ’ మీద చుక్క పెట్టిన కలం దక్కింది. పిల్లల రక్తంలో సీసం తేలాక, రెండేళ్లు రాజధాని చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది ఆవిడే. అంతటి భాగ్యం దక్కాక నోరు మూసుకోవాలా, వద్దా? ఆవిడ ఏకంగా చట్టం చదివేసింది! నాలుగో పేజీలో, పని మొదలుపెట్టే తేదీ దగ్గర ఖాళీ ఉంది. అది గవర్నరు గారే నింపాలట.

ఏడాది చూసి, మొన్న ఆ కలంతోనే ఆయన ఆఫీసుకు వెళ్లింది. తోడు నేనూ వెళ్లాను.

"సారూ, దీంతో మీరు చుక్కే పెట్టారు. సిరా అలాగే ఉంది. ఆ తేదీ కూడా వేసి పుణ్యం కట్టుకోండి."

"దానికో కమిటీ వేశాం కదమ్మా, తొందరపడితే ఎలా?" అంటూ ఆయన నవ్వి, కలం అందుకుని, తన ఫోటో మీద "వెర్నాకు, అభిమానంతో" అని రాసి, అంత పొడుగు పేరూ ఒక్క ఊపులో గీకేశారు.

"చెయ్యి బాగానే ఆడుతోందే! మా పిల్లల దగ్గరికొచ్చేసరికే పడిపోతోందా?" అంది వెర్నా.

ఫోటో బల్ల మీదే వదిలేసి బయటికి నడిచింది. భోజనం గంట కొట్టేలోపు వాళ్లక్క ఇంటి బావి నుంచి బడికి ఇరవై క్యాన్ల నీళ్లు చేరాలి. రోజూ ఆవిడ ఒక్కతే మోస్తుంది. ఆ రోజు నేనూ ఓ చెయ్యి వేశాను. నాలుగో క్యానుకే కలాల స్తోత్రం ఆగిపోయి, పత్రికలో అచ్చు వేయలేని మాటలు నా నోట వచ్చాయి.